లేవిడి పాఠం చెప్పకుండా ఉగ్రవాదం శిక్షణ ఏటి?

2025 మే నెలలో విజయనగరంలో ఉగ్రవాద కుట్ర కేసొకటి బయటపడ్డాది. ఇద్దరు కుర్రోలని అరెస్టు చేసేరు. ఒకడు మన విజయనగరం పిల్లడు, ఇంకొకడు హైదరాబాదు వోడు. తరవాత కేసుని ఎన్‌ఐఏ తీసుకుంది. వోలు నేరం చేసేరా, నేదా అన్నది కోర్టు తేల్చాల్సిన మాట. నాకు వొచ్చిన ప్రశ్న వేరే. ఇలాంటి కేసు మొదట పడేది మన ఊరి ఠాణాలోనే, మొదట వొచ్చేది మన మేజిస్ట్రేటు ముందుకే. మరి వోలికి దీనికి తగ్గ చదువు ఎవరు చెప్పేరు?

ఈ ప్రశ్న ప్రపంచమంతా ఉన్నాది. ఉగ్రవాదం కేసులు చూసే జడ్జీలకి, ప్రాసిక్యూటర్లకి, పోలీసోలకి, జైలు అధికారులకి పాఠాలు చెప్పడానికే 2014లో మాల్టాలో ఒక అంతర్జాతీయ సంస్థ పెట్టేరు. మంచిదే. కానీ మన శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం వోలికి మొదటి పాఠం మాల్టా నుంచి రానక్కర్లేదు. మన కొండల్లోనే ఉన్నాది.

1967 అక్టోబరు 31. మొండెంఖల్‌లో గిరిజన సంఘం మహాసభకి జనం ఎల్తన్నారు. దారిలో లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు అడ్డుపడి తుపాకీ పేల్చేరు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చచ్చిపోయేరు. కేసు పెట్టేరు, కోర్టుకి ఎల్లింది. ముద్దాయిలు నిర్దోషులుగా బయటికొచ్చేసేరు. 1968 ఆఖరికి మన జిల్లాలో సాయుధ పోరాటం మొదలైపోయింది. సత్యం మాస్టారు బడిపంతులు. ఆయనా, ఆదిభట్ల కైలాసం 1970 జూలైలో పోలీసుల చేతిలో పోయేరు. ఈ మధ్యలో రెండువైపులా ఎంతమంది పోయేరో మన పెద్దోలకి తెలుసు.

ఆ ఒక్క తీర్పు వల్లే అంతా జరిగిందని నానడం నేదు. షావుకారి అప్పులు, వెట్టి, చేతులు మారిపోయిన భూములు అప్పటికే ఉన్నాయి. కానీ కోర్టు గుమ్మం ఎక్కినా మనకి న్యాయం దొరకదు అన్న మాట ఒకసారి జనం మనసులో నాటుకుంటే, తుపాకీ పట్టమనేవోడి పని సులువైపోద్ది. రాడికలైజేషన్ అని పెద్ద పేరు పెట్టి చెప్పేది చాలామట్టుకు ఇదే. పోరాటం తరవాత సర్కారు 1/70 చట్టం తెచ్చింది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వొచ్చిందనే అనుకోవాలి, కాదని రుజువు చేసుకోవాల్సింది ఆ గిరిజనేతరుడే అంది ఆ చట్టం. ఆ మాట పదేళ్లు ముందే చెప్పుంటే?

అలగని తుపాకీని వెనకేసుకు రాడం నేదు. 2018 సెప్టెంబరు 23న అరకు దగ్గర లివిటిపుట్టులో ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావునీ, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమనీ మావోయిస్టులు కాల్చి చంపేరు. ఇద్దరూ గిరిజన నాయకులే. చంపినోలని పట్టాలి, రుజువు చెయ్యాలి, శిక్ష వెయ్యాలి. అందుకే శిక్షణ కావాలంటన్నాను. కేసు సరిగా కట్టకపోతే అమాయకుడు లోపల ఉంటాడు, చంపినోడు బయట తిరుగుతాడు.

ఉపా చట్టం మామూలు చట్టం కాదు. మామూలు కేసులో 60 రోజుల్లోనో, 90 రోజుల్లోనో చార్జిషీటు వెయ్యాలి. ఉపాలో కోర్టు ఒప్పుకుంటే 180 రోజుల దాకా గడువుంటాది. ఆ గడువు ఊరికే ఇవ్వరు. దర్యాప్తు ఎంతవరకు వొచ్చిందో, ముద్దాయిని ఇంకా లోపల ఎందుకు ఉంచాలో పబ్లిక్ ప్రాసిక్యూటర్ రిపోర్టు రాసివ్వాలి. పీపీ అంటే పోలీసోలిచ్చిన కాయితం చేరేసే పోస్టాఫీసు కాదని సుప్రీంకోర్టు 1994లోనే చెప్పింది, టాడా కేసులో. ఇక బెయిలు. ఆరోపణ నమ్మదగ్గదిగా ఉందని జడ్జీకి అనిపిస్తే బెయిలు ఇవ్వడానికి వీల్లేదు. అంటే మొదటి రోజుల్లో రాసిన నాలుగు కాయితాల మీద ఒక మనిషి ఏళ్లకేళ్లు లోపల ఉండిపోవచ్చు.

ఆ కాయితాల్లో తప్పు జరిగితే ఏటవుతాదో అమలాపురం మనిషి ప్రొఫెసర్ సాయిబాబా కేసు చూడండి. ఉపాలో విచారణ మొదలెట్టాలంటే ముందు సర్కారు అనుమతి ఉండాలి. ఆ అనుమతి ఇచ్చే ముందు వేరే అధికారి ఒకరు సాక్ష్యం చూసి చెప్పాలి. సాయిబాబా మీద అనుమతి వొచ్చేసరికే చార్జీలు రాసేసి, మొదటి సాక్షిని కూడా విచారించేసేరు. 2017లో గడ్చిరోలి కోర్టు యావజ్జీవం వేసింది. 2022లో బొంబాయి హైకోర్టు నాగపూరు బెంచి కొట్టేసింది, సుప్రీంకోర్టు ఆపింది, 2024 మార్చి 5న హైకోర్టు మళ్లీ కొట్టేసింది. అదే కేసులో ఒక ఆదివాసీ కుర్రోడు తీర్పు వినకుండానే జైల్లో పోయేడు. బయటికొచ్చిన ఏడు నెలలకి సాయిబాబా కూడా పోయేరు. ఆయన రాజకీయాలు మీకు నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు. పోయిన ఏళ్లు తిరిగి ఇచ్చే చట్టం ఏదీ నేదు.

రెండోవైపు వాకపల్లి ఉన్నాది. 2007 ఆగస్టు 20న కూంబింగుకి వొచ్చిన గ్రేహౌండ్స్ పోలీసోలు అత్యాచారం చేసేరని 11 మంది కోందు ఆడోలు చెప్పేరు. 2023 ఏప్రిల్ 6న విశాఖ ప్రత్యేక కోర్టు పోలీసోలని విడిచిపెట్టింది. దర్యాప్తు సరిగా చెయ్యలేదని ఆ కోర్టే అంది, ఆ ఆడోలకి పరిహారం ఇమ్మంది. 16 ఏళ్లు తిరిగిన తరవాత దొరికింది అదీ. దర్యాప్తు రానివోడు అటు పోలీసుకీ న్యాయం చెయ్యలేడు, ఇటు గిరిజనుడికీ చెయ్యలేడు.

ఇప్పుడు మా ఊరి మాట. నాను శ్రీముఖలింగం మనిషిని. మా మధుకేశ్వరుడు ఇప్పచెట్టులో వెలిసేడని చెప్పుకుంటారు, ఆ కథలో ఉన్నది సవరలే. మా ఊరి దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులు పుట్టేరు. వాడుక తెలుగు కోసం కొట్లాడినాయనగా అందరికీ తెలుసు. సవరలకి సవర మాటలోనే చదువు చెప్పాలని తనే ఆ మాట నేర్చుకున్నారు, 1931లో దానికి వ్యాకరణం అచ్చేయించేరు. చదువుకున్నోడే కొండెక్కి నేర్చుకోవాలి గానీ, కొండోడు దిగొచ్చి మన మాట నేర్చుకునేదాకా ఆగకూడదన్నది ఆయన బతుకు చెప్పిన పాఠం.

కోర్టుకి ఈ పాఠం చాలా అవసరం. ఎందుకు పట్టుకున్నారో మనిషికి చెప్పాలని రాజ్యాంగం 22వ అధికరణం అంటాది. తెలీని ఇంగ్లీషులో కాయితం ఇచ్చి నోటిమాటగా తర్జుమా చేస్తే చెప్పినట్టు కాదని సుప్రీంకోర్టు 1962లోనే ఒక నిర్బంధం కేసులో అంది. ఆ కారణాలు రాతలో ఇవ్వకపోతే ఉపా అరెస్టు కూడా చెల్లదని 2024 మేలో చెప్పింది. మరి సవర మాట తప్ప రానోడికి తెలుగులో రాసిన రిమాండు రిపోర్టు మీద వేలిముద్ర వేయించుకుంటే, వోడికి ఏటి అర్థమైనట్టు? ఆ తర్జుమా కూడా పట్టుకొచ్చిన కానిస్టేబులే చేస్తే?

అందుకే మన మూడు జిల్లాలకి నాను అడిగేది ఇది. మేజిస్ట్రేట్లకీ, పీపీలకీ, లీగల్ ఎయిడ్ లాయర్లకీ శిక్షణ వేరేవేరేగా కాకుండా ఒకే గదిలో పెట్టండి, లేవిడి, వాకపల్లి, సాయిబాబా కేసుల కాయితాలే పాఠ్యపుస్తకాలు చెయ్యండి. సవర, కువి, ఒడియా తెలిసిన దుబాసీల జాబితా ప్రతి కోర్టులో ఉంచండి, కూలి సర్కారే ఇవ్వాలి. ఫోన్లో చూసి దారి తప్పిన 20 ఏళ్ల కుర్రోణ్ని జైల్లో ఎవరి పక్కన పెడుతున్నామో, బయటికొచ్చేక ఏ పనికి పంపుతున్నామో జైలు అధికారులకి నేర్పండి. కోర్టుకి ఎల్తే మన మాట వింటారన్న నమ్మకం కొండ మీద ఉంటే, తుపాకీ పట్టమని వొచ్చినోడి మాట వినేవోలు తగ్గుతారు.