అటక మీది ఈత బుట్ట



పండక్కి ఇల్లు దులిపేటప్పుడు అటక మీద పాత బుట్టో చేటో దొరికితే ఏం చేస్తాం? విరిగిందని పెంట మీద పారేస్తాం. పట్నాల్లో కొందరు వాటినే వెతికి కొని ముందుగదిలో పెట్టుకుంటున్నారు. పారేసినా దాచినా, ముందు దాన్నొకసారి వెలుతుర్లో పెట్టి చూడండి.

మన కావలి వైపు ఇళ్ళలో చాలా బుట్టలు ఎరుకలవాళ్ళు అల్లినవే. వెదురు దబ్బలతో అల్లేవాళ్ళను దబ్బ ఎరుకలనీ, ఈత పుల్లలతో అల్లేవాళ్ళను ఈతపుల్లల ఎరుకలనీ అంటారు. ఈత మట్టల ఆకు దూసేసి, ఈనెను నిలువునా చీలుస్తారు. ఎండితే విరుగుతుంది గనక తడి ఆరకముందే అల్లాలి. అడుగున పుల్లల్ని నిలువుగా, అడ్డంగా పేర్చి, కొసల్ని పైకి వంచి, వాటి చుట్టూ ఒకటి లోపలికీ ఒకటి వెలుపలికీ పోనిస్తారు. చివరికి కొసల్ని మడిచి అంచు బిగిస్తారు. బుట్ట బలమంతా అడుగులోనూ అంచులోనూ ఉంటుంది. పాతదైతే ముందు అక్కడే చూడాలి.

లోపల పేడ పూతో, మెంతిపిండి పూతో ఉంటే గోకెయ్యకండి. నూకలు కారకుండా ఏ అవ్వో అలికిన పూత అది. నీళ్ళలో నానెయ్యొద్దు, మెత్తని కుంచెతో దుమ్ము దులిపితే చాలు. సన్నని పొడి రాలుతుంటే పురుగు పట్టినట్టే, దాన్ని వేరుగా పెట్టండి.

ఇక అల్లిన చేతుల సంగతి. ఎరుకలవాళ్ళు ఒకప్పుడు కోస్తా ఉప్పును పశువుల మీద వేసుకుని లోపలి ఊళ్ళకు తీసుకుపోయి అమ్మేవారు. రైళ్ళొచ్చాక ఆ బేరం దెబ్బతింది. 1871లో ఉత్తరాదిన పుట్టిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికీ తెచ్చారు. పుట్టుకతోనే దొంగలని ముద్ర వేశారు. ఆ తర్వాత కావలిలోనే అమెరికన్ బాప్టిస్టు మిషన్ చేతికింద ఒక సెటిల్‌మెంటు నడిచింది. అటువంటి చోట్ల హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చీటీ కావాలి. ఈత చెట్ల కోసం తిరిగి, ఊరూరా బుట్టలమ్ముకునే మనిషికి అదెంత కష్టమో ఆలోచించండి! దేశమంతటా ఆ చట్టం 1952లో రద్దయింది. మాటల్లో మాత్రం ఆ ముద్ర ఇంకా పూర్తిగా పోలేదు.

ఇది మన ఒక్కరి సంగతే కాదు. అలాస్కాలో త్లింగిట్ స్త్రీలు స్ప్రూస్ చెట్టు వేళ్ళతో నీళ్ళు కారనంత బిగువుగా బుట్టలు అల్లేవారు. బయటివాళ్ళు ఎగబడి కొన్నారు. అవి మ్యూజియాలకెక్కాయి గానీ, అల్లినవాళ్ళ పేర్లు చాలావాటికి రాసి లేవు.

మనం ఆ పొరపాటు చెయ్యొద్దు. మీ బుట్ట ఏ ఊళ్ళో, ఎవరు అల్లారో ఇంట్లో పెద్దవాళ్ళనడిగి, ఓ కాగితం మీద రాసి అందులోనే పెట్టండి. ఈసారి వీధిలో బుట్టలామె కేక వినబడితే, బేరమాడేముందు ఆమె పేరడగండి.