డిస్కు లేని ల్యాప్‌టాప్ పనిచేయుట ఎట్లు?

“ఈ యంత్రము చెడిపోయినది. పాత సామానుల వానికి వేయవచ్చునా?” అని కొందరు తల్లిదండ్రులు మమ్ము అడుగుచున్నారు. 2011లో తమిళనాడు ప్రభుత్వము ప్లస్ టూ విద్యార్థులకు ఉచితముగా ల్యాప్‌టాపులు పంచుట ప్రారంభించినది. నాటి యంత్రములు కొన్ని ఇండ్లలో బీరువాల మీద పడియున్నవి. పరీక్షించి చూచినచో, ఒక్కొక్కప్పుడు చెడినది హార్డ్ డిస్కు మాత్రమేయై, తక్కిన భాగములన్నియు బాగుగనే యుండును. అట్టి యంత్రము డిస్కు లేకయే పనిచేయు మార్గమొకటి కలదు. దానిని తల్లిదండ్రులకు తెలియజేయుట మా విధియని తలంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మన పెరంబూరు వారికి రైలుపెట్టెల ఉపమానము చాలును. 1955లో ప్రారంభమైన ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీలో తయారైన వేలకొలది పెట్టెలకు స్వంత ఇంజను లేదు. అయినను అవి దేశమంతయు తిరుగుచున్నవి. ఇంజను ఒక్కటి, పెట్టెలు పెక్కు. అట్లే తరగతిలో మంచి కంప్యూటరు ఒకటి సర్వరుగా నుండినచో, డిస్కు లేని ల్యాప్‌టాపులు దానిని ఆశ్రయించి నడచును.

అది జరుగు క్రమమిది. మీట నొక్కగనే నెట్‌వర్కు కార్డుకు సంబంధించిన పీఎక్స్ఈ అను చిన్న ప్రోగ్రాము, “నా చిరునామా యేది? నాకు వలసిన ఫైలు ఎచ్చట నున్నది?” అని కేబులు ద్వారా అడుగును. సర్వరులోని డీహెచ్‌సీపీ అను ఏర్పాటు దానికి అంకెల రూపమున చిరునామానిచ్చి, ఫైలు పేరు చెప్పును. ఆ చిన్న ఫైలును, దాని వెనుక లినక్స్‌కు గుండెకాయ వంటి కెర్నెలును ల్యాప్‌టాప్ మెమొరీలోనికి వచ్చును. పిదప కెర్నెలు సర్వరులోని రూట్ ఫైల్‌సిస్టమును తన స్వంత డిస్కువలెనే తెరచుకొనును.

రూట్ అనగా వేరు. లినక్స్‌లో ఫైళ్లన్నియు ఒకే వేరునుండి కొమ్మలుగా, రెమ్మలుగా విస్తరించును. ఆ వేరు ఎదుటనున్న యంత్రములోనే యుండవలెనను నియమము లేదు. సన్ మైక్రోసిస్టమ్స్ వారు 1984లో ప్రవేశపెట్టిన ఎన్ఎఫ్ఎస్ అను పద్ధతిచే అది మరియొక యంత్రములో నుండవచ్చును. ఈ విధానమును పాఠశాలలకు సులభము చేయు ఎల్‌టీఎస్‌పీ అను ప్రయత్నము 1999లో మొదలైనది. గ్రీసు దేశమున పెక్కు పాఠశాలలు దానిని వాడినవి.

మనవంటి అల్పసంఖ్యాక భాషా పాఠశాలకు దీనివలన విశేష లాభము కలదు. తెలుగు ఫాంట్లను, తెలుగు కీబోర్డును ప్రతి యంత్రములోను వేరువేరుగా అమర్చ నక్కరలేదు. సర్వరులో ఒక్కసారి అమర్చినచో ప్రతి బాలుని యెదుటను తెలుగు ప్రత్యక్షమగును. రూట్‌ను చదువుటకు మాత్రమే వీలుగా నుంచినచో, పిల్లలు పొరపాటున దేనిని చెరపినను మూలము చెడదు. ఎవరి వ్రాతలు వారి స్వంత ఫోల్డరులో భద్రముగా నుండును. ఇంటర్నెట్టు లేకున్నను తరగతి సాగును.

లోపములను దాచుట తగదు. ఇంజను ఆగినచో రైలంతయు ఆగినట్లు, సర్వరు ఆగినచో తరగతి యంతయు ఆగును. ల్యాప్‌టాప్ బ్యాటరీ పనిచేయుచున్నను, కరెంటు పోయినపుడు సర్వరుకును, కేబుళ్లు కలియు స్విచ్చికిని యూపీఎస్ ఉండితీరవలెను. పిల్లల వ్రాతలన్నియు ఒకేచోట నుండును గనుక వానికి వేరొక డిస్కులో నకలు తీయుట తప్పనిసరి. ఈ పనికి సాధారణముగా వైఫై ఉపకరింపదు, కేబులు కావలెను. పాత ల్యాప్‌టాపులకు కేబులు రంధ్రముండుట ఇచ్చట మనకు మేలైనది. అన్ని యంత్రములను ఒకేసారి తెరచినచో ఆలస్యమగును. వరుసవెంబడి తెరచుట మంచిది.

కావున తల్లిదండ్రులకు మా విన్నపమిది. పాత ల్యాప్‌టాప్‌ను తూకమునకు వేయుటకు ముందు ఒక్కసారి పాఠశాలకు తెచ్చి చూపుడు. తెర వెలుగునా, మీటలు పనిచేయునా, కేబులు రంధ్రము బాగున్నదా యని చూచెదము. ఆ మూడును సరిగానున్నచో అది మరియొక బిడ్డ చేత తెలుగు అక్షరములు దిద్దించగలదు. ఒక యింటిలో పనికిరాదని తలంచినది మరియొక యింటి బిడ్డకు చదువగుటకన్న మనకు కావలసిన దేమున్నది?