డ్రమ్ కిట్‌కి ఇంకో టామ్ కొంటున్నారా? సైజు తేల్చుకునే ముందు ఫోన్‌తో ఈ టెస్ట్ చేయండి

ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించి రాసే నేను ఈసారి డ్రమ్స్ మీద పడ్డాను. కారణం మా తమ్ముడు (చిన్నాన్న కొడుకు). సింగరాయకొండలో ఉంటాడు. పెళ్లిళ్లకి, తిరునాళ్లకి, వినాయక చవితి పందిళ్లకి ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ వాయిస్తాడు. వాడి దగ్గర 4 పీస్ కిట్ ఉంది: 22 అంగుళాల బేస్ డ్రమ్, 14 స్నేర్, 12 టామ్, 16 ఫ్లోర్ టామ్. (పీస్ లెక్కలో సింబల్స్ రావు, డ్రమ్స్ మాత్రమే.)

పోయిన సీజన్‌లో మిగిల్చిన డబ్బుతో ఇంకో టామ్ కొందామని, "అన్నా, ఏ సైజు తీసుకోమంటావు?" అని నన్నడిగాడు. బీటెక్ చదివాను కదా, అన్నీ తెలుసనే ధైర్యం! సెకండ్ హ్యాండ్‌లో 13 అంగుళాలది 7 వేలకి కనపడితే "12 తర్వాత 13 కదా, తీసుకో" అన్నాను. అంతే, ఒక్క లెక్క కూడా వేయలేదు.

రెండు నెలల తర్వాత ఊరెళ్తే ఆ 13 మంచం కింద ఉంది. ఏందిరా అంటే, "రెండూ ఒకేలా మోగుతున్నాయన్నా. సగం రేటుకి అమ్మేసి 18 ఫ్లోర్ టామ్ కొంటా" అన్నాడు. నాకు చెప్పి బాధపెట్టడం ఇష్టం లేక ఊరుకున్నాడంట. వాడి కష్టార్జితం, నా నోటి దురుసు. అప్పుడు కూర్చుని చేసిన లెక్కే ఈ ఆర్టికల్.

సైజుకీ శబ్దానికీ సంబంధం ఏంటి?

డ్రమ్ హెడ్ ఎంత గట్టిగా శబ్దం చేస్తుందన్నది వేరు, ఎంత లోతుగా మోగుతుందన్నది వేరు. ఆ లోతుని మూడు విషయాలు నిర్ణయిస్తాయి: వ్యాసం, బిగింపు, హెడ్ బరువు. బిగింపు, బరువు ఒకటే అనుకుంటే ఫ్రీక్వెన్సీ వ్యాసానికి విలోమంగా ఉంటుంది. అంటే వ్యాసం రెట్టింపైతే ఫ్రీక్వెన్సీ సగం అవుతుంది.

బిగింపు ఎంత ముఖ్యమో మన డప్పు కళాకారులకి ఎప్పుడో తెలుసు. వాయించే ముందు డప్పుని మంట దగ్గర కాస్తారు చూడండి, తోలులో తేమ పోయి బిగుసుకుంటుంది, శబ్దం పైకి లేస్తుంది. డప్పు సైజు మారలేదు, బిగింపు మాత్రమే మారింది. ఇప్పటి కిట్లకి పాలిస్టర్ హెడ్స్ కాబట్టి మంట అక్కర్లేదు, డ్రమ్ కీతో చుట్టూ రాడ్లు తిప్పితే చాలు.

ఇప్పుడు లెక్క. హార్మోనియం మీద పక్కపక్క మెట్ల మధ్య దూరాన్ని (నలుపు, తెలుపు కలిపి) ఒక సెమీటోన్ అంటారు. బిగింపు సమానంగా ఉందనుకుంటే టామ్‌ల మధ్య దూరం సుమారుగా ఇలా వస్తుంది:

- 10 నుంచి 12కి: 3.2 సెమీటోన్లు
- 12 నుంచి 13కి: 1.4
- 12 నుంచి 14కి: 2.7
- 12 నుంచి 16కి: 5.0
- 13 నుంచి 16కి: 3.6
- 14 నుంచి 16కి: 2.3
- 16 నుంచి 18కి: 2.0

నా తప్పు రెండో లైన్లోనే ఉంది. 1.4 అంటే ఒకటిన్నర మెట్టు కూడా కాదు. గదిలో శ్రద్ధగా వింటే తెలుస్తుందేమో గానీ, పక్కన జెనరేటర్, ముందు స్పీకర్లు, చుట్టూ జనం ఉన్నప్పుడు ఎవరికి వినపడుతుంది? ఇంకోటి గమనించారా? తమ్ముడు కొనాలనుకున్న 18 కూడా 16కి 2 మెట్ల దూరమే. అంటే ఎక్కువ డబ్బు పెట్టి అదే తప్పు ఇంకోసారి చేయబోతున్నాం.

ఫోన్‌తో కొలవడం ఎలా?

ఫైఫాక్స్ అనే యాప్ ఉంది. జర్మనీలోని ఆఖెన్ యూనివర్సిటీ వాళ్లు చేసింది, ఫ్రీ. అందులో ఆడియో స్పెక్ట్రమ్ ఓపెన్ చేయండి.

1. శాంపిల్స్ సంఖ్య పెంచండి. సెకనుకి 48,000 శాంపిల్స్ తీసుకునే ఫోన్‌లో 2,048 శాంపిల్స్ పెడితే ఒక్కో గడి 23 హెర్ట్జ్ వెడల్పు ఉంటుంది, దాంతో 12కీ 13కీ తేడా కనపడదు. 32,768 పెడితే గడి 1.5 హెర్ట్జ్‌కి తగ్గుతుంది.
2. స్నేర్ వైర్లు ఆఫ్ చేసి, మిగతా డ్రమ్స్ మీద తువ్వాలు వేయండి. లేకపోతే అవి కూడా కలిసి మోగుతాయి.
3. హెడ్ మధ్యలో మెత్తగా ఒక్క దెబ్బ కొట్టండి. అంచు దగ్గర కొడితే పై స్వరాలు ఎక్కువ పలుకుతాయి. పైవాటిలో మొదటిది ఆదర్శ లెక్క ప్రకారం అసలు స్వరానికి 1.59 రెట్లు ఉంటుంది. దాన్ని చూసి మోసపోవద్దు, కింద కనిపించే మొదటి శిఖరమే మనకి కావాల్సింది.

ఈ 1.59 పూర్ణాంకం కాకపోవడం వల్లే మామూలు డ్రమ్ తీగ వాయిద్యంలా స్పష్టమైన శ్రుతి పలకదు. మృదంగం, తబలా ఎందుకు పలుకుతాయి? మధ్యలో పూసే నల్లటి కరణి ఆ పై స్వరాలని దాదాపు పూర్ణాంకాల్లోకి తెస్తుంది. విశాఖపట్నంలో చదువుకున్న సి.వి.రామన్ 1920లో నేచర్ పత్రికలో దీని మీద రాశారు.

మా వాడి కిట్‌లో వచ్చిన రీడింగ్స్: 12 టామ్ 131 హెర్ట్జ్, 13 టామ్ 124, 16 ఫ్లోర్ టామ్ 82. మొదటి రెండింటి మధ్య ఒక్క సెమీటోన్ కూడా సరిగ్గా లేదు, తర్వాత ఏకంగా ఏడు మెట్ల గొయ్యి! తప్పు సైజుది మాత్రమే కాదు, ట్యూనింగ్‌ది కూడా.

అమ్మకుండా సరిచేశాం

13ని వదులు చేసి 110కి దించాం. 16ని కొంచెం బిగించి 92కి తెచ్చాం. ఇప్పుడు 131, 110, 92. ప్రతి రెండింటి మధ్య మూడు మెట్లు. పై హెడ్‌తో పాటు కింది హెడ్ కూడా తిప్పాలి, ఎదురెదురు రాడ్లని సమానంగా తిప్పాలి. గంటన్నర పట్టింది. మా వాడు రోల్ కొట్టుకుంటూ పైనుంచి కిందికి వచ్చి, ఆగి, మళ్లీ కొట్టి, "ఏందన్నా, ఇది అదే డ్రమ్మేనా?" అన్నాడు.

ఒక నష్టం ఉంది, దాచను. 16లో ముందున్న లోతు కొంచెం తగ్గింది. కానీ గుండెల్లో తగిలే దెబ్బ కోసం 22 బేస్ డ్రమ్ ఉండనే ఉంది. నిజానికి 12, 13, 16 అనేది రాక్ కిట్లలో ఎప్పటినుంచో ఉన్న కాంబినేషన్. నేను చేసిన తప్పు 13 కొనిపించడం కాదు, ట్యూన్ చేయకుండా వదిలేయడం.

మరి మీరు ఏ సైజు కొనాలి?

- 12, 16 ఉంటే: 14 బెస్ట్. మధ్య గ్యాప్‌ని 2.7, 2.3గా దాదాపు సమానంగా పంచుతుంది. కాళ్లున్న 14 ఫ్లోర్ టామ్ అయితే కొత్త హోల్డర్ కూడా అక్కర్లేదు.
- 12, 14 ఉంటే: స్పష్టమైన పై శబ్దం కావాలంటే 10, లోతు కావాలంటే 16. బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ 1963లో తీసుకున్న లుడ్విగ్ కిట్ 12, 14 టామ్‌లదే. ఆ రెండింటితోనే చాలా పాటలు నడిచాయి.
- 10, 12, 14 ఉంటే: 16. చేతికి అందేలా స్థలం ఉందో లేదో ముందు చూసుకోండి.
- 18: అన్నీ ఉన్నవాళ్లకి మాత్రమే. ట్రాలీ ఆటోలో స్థలం, స్టేజి మీద స్థలం, ఒక అదనపు మైకు, అన్నీ లెక్కలోకి వస్తాయి.

కొనేముందు ఇవి చూడండి: బేస్ డ్రమ్ మీద రెండో టామ్‌కి హోల్డర్ రంధ్రం ఉందా? రాడ్ మందం సరిపోతుందా? షెల్ గుండ్రంగా ఉందా? కొలతలు రాసేటప్పుడు కొన్ని కంపెనీలు వ్యాసం ముందు రాస్తాయి, కొన్ని లోతు ముందు. 12×8 అన్నా 8×12 అన్నా 12 అంగుళాల టామే.

యూట్యూబ్ డెమోలు ఫోన్ స్పీకర్‌లో వినొద్దు

మా వాడు 18 మీద మనసు పడింది ఒక వీడియో చూసే. ఫ్లోర్ టామ్ అసలు స్వరం 100 హెర్ట్జ్‌కి కిందే ఉంటుంది. ఫోన్‌లో ఉండే చిన్న స్పీకర్ దాన్ని సరిగ్గా పలికించలేదు, మీరు వినేది పై స్వరాలనే. 16, 18 తేడా తెలియాలంటే కనీసం మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. దాంట్లో కూడా మైకు, మిక్సింగ్ కలిసే ఉంటాయని గుర్తుంచుకోండి.

ఎలక్ట్రానిక్ కిట్ వాడేవాళ్లకి

మీకు ఈ లెక్కలేవీ అక్కర్లేదు. శబ్దం మాడ్యూల్ నుంచి వస్తుంది. 8 అంగుళాల ప్యాడ్ మీద కూడా 18 ఫ్లోర్ టామ్ పలికించొచ్చు. మన ఆర్కెస్ట్రాల్లో కనిపించే రోలాండ్ ఆక్టాపాడ్ అదే చేస్తుంది కదా. ప్యాడ్ సైజు అంటే కర్ర తగిలే చోటు మాత్రమే. మాడ్యూల్‌లో ట్రిగర్ ఇన్‌పుట్ ఖాళీ ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

నా మాట

ముందు ఉన్నవాటిని ట్యూన్ చేయండి, తర్వాత కొలవండి, ఆ తర్వాతే ఎక్కడ గొయ్యి ఉందో చూసి అక్కడ సరిపోయే సైజు కొనండి. 18 కోసం దాచిన డబ్బుతో మా వాడు కొత్త హెడ్స్, ఒక మంచి డ్రమ్ కీ కొన్నాడు, ఇంకా మిగిలింది. మంచం కింది 13 ఇప్పుడు ప్రతి ప్రోగ్రాంకీ వెళ్తోంది. మీ కిట్ సైజులు, ఫోన్‌లో వచ్చిన హెర్ట్జ్ నంబర్లు కామెంట్‌లో పెట్టండి, కలిసి లెక్కేద్దాం. ఈసారి లెక్క వేశాకే సలహా చెప్తా!