సగటు తెలిసింది, సందేహం తీర్చేదెవరు?

ఇంటి నుంచే గణాంకశాస్త్రం నేర్చుకునే వీలు వచ్చింది. చేరడం సులువైంది. గట్టెక్కడమే ఎప్పటిలాగే కష్టం.

ఆదివారం ఉదయం. కంప్యూటర్ పరీక్షా కేంద్రం గేటు ముందు వరుస. చేతుల్లో హాల్ టికెట్, గుర్తింపు కార్డు. నిన్నమొన్న ఇంటర్ పాసైన కుర్రాడి వెనక నలభై దాటిన బ్యాంకు ఉద్యోగి, ఆయన వెనక పగలు బీకాం క్లాసులకూ రాత్రి మరో చదువుకూ సమయం పంచుకునే అమ్మాయి. వీళ్లంతా ఒకే కోర్సు విద్యార్థులు. అయినా ఒకరి ముఖం ఒకరికి తెలియదు. వారి తరగతి గది ఒక తెర. పాఠాన్ని మధ్యలో ఆపొచ్చు, వెనక్కి తిప్పొచ్చు, రాత్రి రెండింటికి వినొచ్చు. పరీక్ష మాత్రం ఇలా ఊళ్లోని కేంద్రానికి వచ్చి, నిఘా కళ్ల ముందు రాయాల్సిందే.

ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ డేటా సైన్స్ డిగ్రీ ఏడాదికి మూడు విడతల్లో ఈ దృశ్యాన్ని దేశమంతటా తెచ్చింది. జేఈఈ ర్యాంకు అక్కర్లేదు, వయోపరిమితి లేదు. ఇంటర్‌లో ఏ గ్రూపైనా పర్వాలేదు, పదో తరగతిలో గణితం, ఇంగ్లిషు చదివి ఉంటే చాలు. మొదట్లో అర్హత దశకు దరఖాస్తు రుసుము రూ.3,000. అందులో నాలుగు వారాల పాటు నాలుగు సబ్జెక్టులు ఉంటాయి: గణితం, గణాంకశాస్త్రం, కంప్యూటర్ పద్ధతిలో ఆలోచించడం, ఇంగ్లిషు. వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లలో కనీస మార్కులు వస్తేనే నాలుగు గంటల అర్హత పరీక్షకు పిలుపు. అది దాటినవారే అసలు కోర్సులోకి. ఐఐటీ అనే పేరు చూసి చేరినవారిని ఆ సంస్థ ముందుగా గుమ్మం దగ్గర నిలబెట్టి తూకం వేస్తుందన్నమాట.

ఆ నాలుగింటిలో గణితమంటే విద్యార్థులు ముందే భయపడి జాగ్రత్త పడతారు. గణాంకశాస్త్రం అలా కాదు. తేలిగ్గా కనిపించి దెబ్బతీస్తుంది. మొదటి వారంలో వచ్చేవి లెక్కలే కావు. ఏది ఎలాంటి సమాచారం, దాన్ని ఏ కొలబద్దతో చూడాలి అన్నవే. పిన్‌కోడ్ అంకెల్లోనే ఉంటుంది, కానీ అది సంఖ్య కాదు, పేరు. హైదరాబాద్ జీపీఓ పిన్ 500001, విజయవాడది 520001. రెండింటినీ కలిపి సగం చేయమంటే ఏ స్ప్రెడ్‌షీటైనా క్షణంలో 510001 అని చూపిస్తుంది. ఆ జవాబుకు అర్థం లేదని దానికి తెలియదు. విద్యార్థికి తెలియాలి. కోర్సులో సగం పని ఈ తేడా పట్టుకోవడమే. వీడియోలో ఇది విన్నప్పుడు అందరూ తలూపుతారు. అసైన్‌మెంట్లో ‘సినిమాకు ఇచ్చే నక్షత్రాల రేటింగ్ ఏ కొలమానం’ అని అడిగినప్పుడు మళ్లీ తడబడతారు.

రెండో చిక్కు భాషది. తెలుగు మాధ్యమంలో పదో తరగతి చదివినవారికి అంకమధ్యమం, మధ్యగతం, బాహుళకం కొత్త కావు. సాంఖ్యక శాస్త్రం పాఠంలో వాటిని చేసి మార్కులు తెచ్చుకున్నవారే. కానీ మీన్, మీడియన్, మోడ్ అంటూ ఇంగ్లిషులో పాఠం సాగిపోతుంటే ఆ పాత చుట్టాలను గుర్తుపట్టడానికే ఒక వారం పోతుంది. గుర్తుపట్టాక పని సులువే. ఒక చిన్న కార్యాలయంలో ఐదుగురి జీతాలు రూ.15,000, 16,000, 18,000, 20,000, 1,31,000 అనుకుంటే అంకమధ్యమం రూ.40,000. మధ్యగతం రూ.18,000. ‘మా దగ్గర సగటు జీతం నలభై వేలు’ అనే ప్రకటన అబద్ధం కాదు. కానీ ఆ జీతానికి దరిదాపుల్లో ఉన్నవారు అక్కడ ఒక్కరూ లేరు.

అసలు పరీక్ష సంభావ్యత దగ్గర మొదలవుతుంది. దేశంలోనే కాదు, ఈ సబ్జెక్టు చెప్పే ఏ కళాశాలలోనైనా విద్యార్థులు ఆగిపోయే మలుపు ఇదే. ఒక ఊళ్లో 1,000 మంది ఉన్నారు, వారిలో 10 మందికి ఒక జబ్బు ఉంది. జబ్బున్న పదిమందిలో తొమ్మిదిమందిని వైద్య పరీక్ష పట్టుకుంటుంది. జబ్బులేని వారిలో ప్రతి పదిమందికి ఒకరి విషయంలో ‘ఉంది’ అని పొరబడుతుంది. ఒకరికి ‘ఉంది’ అని ఫలితం వచ్చింది. నిజంగా జబ్బు ఉండే అవకాశమెంత? చాలామంది 90 శాతం అంటారు. చదువుకున్నవారూ అంటారు. లెక్క వేస్తే, జబ్బున్నవారిలో 9 మంది, లేని 990 మందిలో 99 మంది, మొత్తం 108 మందికి ‘ఉంది’ అని వస్తుంది. వారిలో నిజమైన రోగులు 9 మందే. అంటే 8 శాతం పైచిలుకు.

మామూలు తరగతిలో ఈ జవాబు విన్నాక గదిలో ఒక నిశ్శబ్దం పడుతుంది. మాస్టారు ఆ ముఖాలు చూసి, సుద్దముక్క మళ్లీ తీసుకుని, వెయ్యిమందిని బోర్డు మీద గళ్లుగా గీసి మరోసారి చెబుతారు. తెరకు ఆ ముఖాలు కనబడవు. వీడియో తన దారిన ముందుకు సాగుతుంది. వెనక్కి తిప్పి అదే మాటలు పదిసార్లు విన్నా అవే మాటలు వినిపిస్తాయి తప్ప మరోలా చెప్పే గొంతు ఉండదు. ఆన్‌లైన్ చదువు గురించి జరిగే వాదన అంతా తిరిగి తిరిగి ఇక్కడికే వస్తుంది. పాఠం అందించడం ఒక పని. అర్థం కాలేదని కనిపెట్టడం వేరే పని.

ఈ రెండో పని ఎవరు చేస్తారన్న ప్రశ్నకు అమెరికాలో పదేళ్ల కిందటే ఖరీదైన జవాబు దొరికింది. 2013 జనవరిలో కాలిఫోర్నియాలోని శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీ, సెబాస్టియన్ థ్రన్ నెలకొల్పిన యుడాసిటీ సంస్థతో చేతులు కలిపింది. కోర్సుకు 150 డాలర్లు. మూడు కోర్సుల్లో ఒకటి ప్రాథమిక గణాంకశాస్త్రం. కళాశాల చదువు ఖర్చు భరించలేనివారికి ఇదే దారి అన్నంత ఊపులో గవర్నర్ జెర్రీ బ్రౌన్ సమక్షంలో ప్రకటన చేశారు. ఆ వసంతకాలం ముగిసేసరికి ఊపు దిగిపోయింది. గణాంకశాస్త్రంలో పాసైనవారు దాదాపు 51 శాతం. అదే కోర్సును ప్రాంగణంలో కూర్చుని చదివినవారిలో నాలుగింట మూడొంతుల మంది గట్టెక్కారు. మిగతా రెండు గణితం కోర్సుల ఫలితాలు ఇంకా అధ్వానం. జులైలో కార్యక్రమానికి విరామం ప్రకటించారు.

కథ అక్కడితో ఆగి ఉంటే ‘ఆన్‌లైన్ పనికిరాదు’ అని తీర్పు చెప్పి ఊరుకోవచ్చు. కానీ అదే ఏడాది వేసవి విడతలో గణాంకశాస్త్రం ఉత్తీర్ణత 83 శాతానికి ఎగిసింది, ప్రాంగణాన్ని మించిపోయింది. కోర్సులో కొన్ని మార్పులు చేసిన మాట నిజమే. అంతకంటే పెద్ద మార్పు విద్యార్థుల్లో వచ్చింది. వసంతంలో చేరినవారిలో అంతకుముందు గణితం తప్పినవారు, హైస్కూలు పిల్లలు ఉన్నారు. కొందరికి సొంత కంప్యూటరే లేదు. వేసవిలో చేరినవారిలో సగం మందికి అప్పటికే డిగ్రీ ఉంది. రెండు గుంపులూ వేరైనప్పుడు రెండు శాతాలనూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదని గణాంకశాస్త్రం తొలి పాఠాల్లోనే చెబుతారు. ఆ పాఠం చెప్పే కోర్సు ఫలితాలనే పత్రికలు ఒకసారి ఓటమిగా, మరోసారి విజయంగా రాసిపారేశాయి.

వసంత విడతను తవ్వి చూసిన విశ్వవిద్యాలయ పరిశోధకులకు మరో సంగతి కనబడింది. ఎవరు పాసవుతారో చెప్పగల అంశాల్లో విద్యార్థి నేపథ్యం కన్నా, అతను ఎన్ని అభ్యాసాలు చేసి సమర్పించాడన్నదే బలమైనది. సాయం అందుబాటులో ఉందన్న సంగతే తెలియనివారు చాలామంది. ఆ ఏడాది చివర్లో థ్రన్ తమ సరుకు నాసిరకంగా ఉందని ఒక పత్రికతో ఒప్పుకుని, సంస్థను ఉద్యోగ నైపుణ్యాల శిక్షణ వైపు మళ్లించాడు.

ఉచిత కోర్సుల సంగతి మరీ విచిత్రం. హార్వర్డ్, ఎంఐటీ ఆన్‌లైన్ కోర్సుల ఆరేళ్ల లెక్కలు 2019లో ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి. పేరు నమోదు చేసుకున్నవారిలో సగం మందికి పైగా కోర్సు తలుపే తీయలేదు. 2017-18లో చివరిదాకా వచ్చినవారు 3 శాతం పైచిలుకు. ధ్రువపత్రం కోసం డబ్బు కట్టినవారిలో మాత్రం ఆ సంఖ్య సగానికి దగ్గరగా ఉంది. డబ్బు కడితే చదువు వస్తుందని దీనికి అర్థమా? డబ్బు కట్టేవాడు మొదటినుంచీ పట్టుదల ఉన్నవాడు కావచ్చు కదా. ఇదీ పరీక్షలో అడగదగ్గ ప్రశ్నే.

భారత్‌లో ఈ దారి కొత్తది కాదు. ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో ఎన్‌పీటీఈఎల్‌ను మొదలుపెట్టాయి. ‘స్వయం’ వేదిక 2017 జులైలో వచ్చింది. అందులో చదివి తెచ్చుకున్న క్రెడిట్లను కళాశాలలు తమ డిగ్రీలో కలుపుకునే వీలును యూజీసీ మొదట 20 శాతం వరకు ఇచ్చి, 2021లో 40 శాతానికి పెంచింది. గణాంకశాస్త్రం అధ్యాపకుడు లేని కళాశాలకు ఇది ఊరటే. ఖాళీని నింపకుండా తెర చూపించి ఊరుకునే యాజమాన్యానికి అంతకన్నా పెద్ద ఊరట.

ఈ భారతీయ కోర్సులు ఒక విషయంలో అమెరికా ఉత్సాహపరుల కన్నా ముందుచూపు చూపాయి. పాఠం ఉచితంగా వదిలి, పరీక్షను మాత్రం హాల్లో పెట్టాయి. ఎన్‌పీటీఈఎల్ లెక్కలో వారం వారం అసైన్‌మెంట్లకు 25 మార్కులు, కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షకు 75. రెండింటిలోనూ విడివిడిగా గట్టెక్కాలి. ఇంట్లో కూర్చుని చేసే అసైన్‌మెంట్‌కు జవాబులు పక్కవాడిని అడిగైనా, యంత్రాన్ని అడిగైనా తెచ్చుకోవచ్చు. ఈ రోజుల్లో కృత్రిమ మేధ చాట్‌బాట్‌కు ప్రశ్న ఫొటో చూపిస్తే చాలు, మెట్టు మెట్టుగా జవాబు రాసిస్తుంది. హాల్లో అది తోడు రాదు. అసైన్‌మెంట్లలో 90లు, పరీక్షలో 30లు తెచ్చుకునే విద్యార్థికి తన అసలు స్థాయి ఆదివారం మధ్యాహ్నానికే తెలిసిపోతుంది.

దీనికి మూల్యమూ ఉంది. కేంద్రం ఉన్న ఊరికి వెళ్లిరావాలంటే చార్జీలు, ఒక రోజు కూలి లేదా సెలవు. ఐఐటీ మద్రాస్ ప్రాథమిక దశలో ఎనిమిది కోర్సులకు మొదట నిర్ణయించిన రుసుము రూ.32,000. కులం, ఆదాయం, వైకల్యం ఆధారంగా 75 శాతం వరకు రాయితీ ఉంది గనుక పేద విద్యార్థికి ఫీజు భారం తగ్గవచ్చు. సమయానికి రాయితీ లేదు. ఒక్కో కోర్సుకు వారానికి పది గంటలు కేటాయించాల్సి వస్తుందని సంస్థే సూచిస్తుంది. ఉద్యోగం చేస్తూ నాలుగు సబ్జెక్టుల అర్హత దశకు దిగినవాడికి ఆ నాలుగు వారాలూ రెండో ఉద్యోగమే. అందుకే అసలు కోర్సులో విడతకు ఒకటీ రెండూ చొప్పున తీసుకునేవారు నిలబడతారు. ఐఐటీ పేరు చూసిన ఆత్రంలో నాలుగూ తీసుకున్నవారు రెండో క్విజ్ నాటికి అలసిపోతారు.

సందేహం తీర్చే మనిషి విలువేమిటో తెలుగువారికి ఒక సొంత ఉదాహరణ ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, సైన్యంలో లెక్కల ఉద్యోగం దొరుకుతుందేమోనని కోల్‌కతా వెళ్లిన యువకుడికి అక్కడ ఒక శిక్షణార్థి తారసపడి, మహలనోబిస్ నెలకొల్పిన భారత గణాంక సంస్థ గురించి చెప్పాడు. ఆ యువకుడు 1941లో అందులో చేరాడు. అతనే సి.ఆర్. రావు. 1945లో, పాతికేళ్ల ప్రాయంలో రాసిన వ్యాసంతో ప్రపంచ గణాంకశాస్త్రంలో పేరు నిలుపుకుని, 102 ఏళ్ల వయసులో 2023లో కన్నుమూశారు. అప్పట్లో ఈ విద్య కావాలంటే రైలెక్కి కోల్‌కతా వెళ్లాల్సిందే. ఇప్పుడు నూజివీడులో, నందిగామలో కూర్చుని అదే ప్రాథమిక పాఠం వినొచ్చు. ఆయన బడి చదువులో కొంత భాగం సాగింది కూడా ఆ ఊళ్లలోనే. దారిలో తారసపడే మనిషి మాత్రం తెర మీద దానంతటదే ఎదురుకాదు. సాయంత్రం సహాయ బోధకులు నడిపే ప్రత్యక్ష తరగతుల్లో మైకు తెరిచి అడగాలి, లేదా ఊళ్లో మరో ఇద్దరిని వెతుక్కోవాలి.

ఏమీ చదవకుండా ఊహించి గట్టెక్కుదామనుకునేవారికి ఒక లెక్క. నాలుగేసి జవాబుల్లోంచి ఒకటి ఎంచుకోవాల్సిన ప్రశ్నలు పది ఉన్నాయనుకుంటే, కళ్లు మూసుకుని గుర్తులు పెట్టినవాడికి సగటున రెండున్నర ఒప్పవుతాయి. ఐదు, అంతకుమించి ఒప్పయ్యే అవకాశం 8 శాతం లోపే. ఈ లెక్క ఎలా చేయాలో ద్విపద విభాజనం పాఠంలో నేర్పుతారు. ఆ పాఠం అర్హత పరీక్ష దాటినవారికే.