పెంచిన సారథులు - కొనిన సారథులు

మోటారు పందెముల లోకమున నొక వివాదము చిరకాలముగా సాగుచున్నది. జట్టు యజమాని బాలురను చిన్ననాటనే చేరదీసి, శిక్షణ మిప్పించి, కాలక్రమమున తన బండి కెక్కించుట మేలా? లేక యితరులకడ పేరు గడించిన వీరుని గొప్ప జీతమిచ్చి తెచ్చుకొనుట మేలా? ఇది వినోదప్రియుల కాలక్షేపమని చదువరులు త్రోసివేయరాదు. పాఠశాలకైనను, కర్మాగారమునకైనను, వర్తకశాలకైనను ఈ ప్రశ్న యెదురగుచునే యుండును. పందెపు బాటపై దాని ఫలితము క్షణముల లెక్కలో బయటపడును గనుక అచ్చట దానిని పరీక్షించుట సులభము.

ఫార్ములా వన్ పందెములందు 2025వ సంవత్సరమున పది జట్లు గలవు. జట్టునకు రెండు బండ్లు. వెరసి ప్రపంచమంతటికిని ఇరువదిమంది సారథులకే చోటు. ఆ చోటు కోరు బాలుడు బడియీడునాడే కార్టు అను చిన్నబండి నెక్కి, తరువాత ఫార్ములా 4, 3, 2 అను మెట్లను దాటవలెను. సాధారణముగా 18 ఏండ్లు నిండి, క్రింది పందెములలో 40 పాయింట్లు సంపాదించిననే గాని అతనికి అనుమతిపత్రము లభింపదు. ఇందుకు కోట్లకొలది రూపాయలు వ్యయమగును. కావుననే జట్లు బాలుర నెన్నుకొని తమ పోషణలోనికి తీసుకొనుచున్నవి.

మొదట కొనుగోలు పక్షమును విచారింతము. రంగభూమిని కర్ణుని నేర్పు చూచిన తత్క్షణమే అంగరాజ్యమిచ్చి తనవాని జేసికొనిన దుర్యోధనుని మార్గమిది. ఇటలీదేశపు ఫెరారీ జట్టు దీనిని తఱచుగా అవలంబించెను. 1979లో జోడీ షెక్టర్ గెలిచిన పిదప ఆ జట్టు సారథులకు జగజ్జేత బిరుదము దక్కలేదు. 1996లో అప్పటికే రెండుమార్లు జగజ్జేతయైన మైకేల్ షూమాకర్‌ను తెచ్చుకొనిరి. అతడు 2000 మొదలు 2004 వఱకు వరుసగా ఐదు బిరుదములు గెలిచెను. అయితే మొదటి బిరుదమునకు ఐదేండ్లు పట్టినదని మఱవరాదు. ఆ యేండ్లలో జాన్ టాడ్ నాయకత్వమున, రాస్ బ్రాన్, రోరీ బర్న్ అను యంత్రశాస్త్రజ్ఞుల చేతులలో ఇల్లు చక్కబడెను. అదే జట్టు తరువాత ఫెర్నాండో అలాన్సోను 2010 నుండి 2014 వఱకును, సెబాస్టియన్ వెటెల్‌ను 2015 నుండి 2020 వఱకును నిలుపుకొనెను. ఇరువురును బహుమార్లు జగజ్జేతలే. ఫెరారీకి మాత్రము ఒక్క బిరుదమైనను తేలేకపోయిరి. ఒక్క కర్ణునితో కురుక్షేత్రము గెలువబడదు.

ఇక పెంపకము. 1995లో 10 ఏండ్ల లూయీ హామిల్టన్ మెక్‌లారెన్ జట్టు అధిపతియగు రాన్ డెన్నిస్‌ను కలిసికొని, ఆయన బండి నొకనాడు నడుపగోరుచున్నానని చెప్పెను. 1998లో జట్టు ఆ బాలుని పోషణ వహించెను. 2007లో అతనిని అలాన్సో ప్రక్కనే నిలిపిరి. కొనిన వీరుడును పెంచిన బాలుడును ఒకే యింట నొకేసారి పోటీపడిన సంవత్సరమది. కడపట ఇరువురికిని 109 పాయింట్లే వచ్చెను. 110 పాయింట్లతో ఫెరారీవాడగు రైకోనెన్ బిరుదమును కొనిపోయెను. అలాన్సో ఆ యేటితోనే వెడలిపోయెను. హామిల్టన్ మఱుసటి యేడు జగజ్జేత యయ్యెను. కొత్తవాడట్లు రాణించుటకు ముందుగా అతనికి లభించిన దీర్ఘసాధన యొక కారణము. 2009 నుండి పందెముల నడుమ బండ్లను స్వేచ్ఛగా నడిపి చూచుకొను పద్ధతి చాలవఱకు నిషేధింపబడెను. నేటి బాలుడు చాలవఱకు పందెములోనే నేర్చుకొనవలెను. తప్పులును అందఱి యెదుటనే చేయవలెను.

ఈ కష్టమునకు రెడ్ బుల్ సంస్థ యొక ఉపాయము కనుగొనెను. 2005లో మినార్డీ అను చిన్న జట్టును కొని, టోరో రోస్సో యని పేరుమార్చి, దానిని తన బాలుర నారుమడిగా నుంచెను. ఆ మడినుండి వచ్చిన వెటెల్ 2010 నుండి 2013 వఱకు నాలుగు బిరుదములు గెలిచెను. 17 ఏండ్లకే 2015లో ప్రవేశించిన మాక్స్ వెర్‌స్టాపెన్ 2021 నుండి 2024 వఱకు మఱి నాలుగు గెలిచెను. ఇంతటి పంట మఱియొక జట్టునకు పండలేదు.

అయినను ఆ మడిలో మఱియొక దృశ్యము గలదు. 2019లో పియరీ గాస్లీని పెద్దజట్టున కెక్కించి, 12 పందెములకే దింపివేసిరి. మఱుసటి యేడే అతడు చిన్నజట్టు బండితో ఇటలీ పందెమును గెలిచెను. 2025లో లియామ్ లాసన్‌కు ఇచ్చిన గడువు రెండు పందెములు మాత్రమే! నాటిన మొక్కను ప్రతిదినము పెఱికి, వేరు పట్టినదో లేదో చూచు రైతును మనమేమందుము? ఈ కాఠిన్యమే వెటెల్, వెర్‌స్టాపెన్‌లను తయారుచేసినదని కొందఱు వాదింతురు. మేమట్లు తలంపము. పంట నారుమడివలన పండినది గాని కొడవలి వాడిమివలన గాదు.

త్రోసివేయబడినవారు అయోగ్యులు గారని తెలియుటకు మనము దూరము పోనక్కఱలేదు. 2023 ఫిబ్రవరి 11వ తేదీని హైదరాబాదున, హుస్సేన్‌సాగరపు టొడ్డున, విద్యుచ్ఛక్తితో నడుచు ఫార్ములా ఈ బండ్ల పందెము జరిగెను. ప్రథముడు జాన్ ఎరిక్ వెర్న్. తృతీయుడు ఆంటోనియో ఫెలిక్స్ ద కోస్టా. ఇరువురును రెడ్ బుల్ పాఠశాలలో పెరిగినవారే. వెర్న్ 2012 నుండి 2014 వఱకు మూడేండ్లు చిన్నజట్టున నడిపి చోటు పోగొట్టుకొనెను. ద కోస్టాకు ఆ చోటైనను చిక్కలేదు. వేఱు బాటలో వెర్న్ రెండుమార్లును, ద కోస్టా ఒకమారును విజేతలైరి. అట్టి రెండవ బాట దొరకని బాలురు, చదువు సగములో విడిచినవారు, ఎందఱో గలరు.

యజమానుల పక్షమునను న్యాయము లేకపోలేదు. ఆల్పీన్ జట్టు ఆస్కర్ పియాస్ట్రీని పోషించెను. 2021లో ఫార్ములా 2 గెలిచిన అతనికి 2022లో చోటు చూపలేక కూర్చుండబెట్టెను. ఆ ఆగస్టున తమ సారథిగా ప్రకటింపగా అతడు కాదనెను; ఒప్పందముల న్యాయసభయు మెక్‌లారెన్ పక్షముననే తీర్పు చెప్పెను. విత్తినవానికే పంట దక్కునన్న నమ్మకము లేదు. కాని ఎదుగుటకు తావులేని యింట బిడ్డ యెన్నాళ్లు నిలుచును?

2025వ సంవత్సరము ఈ వివాదమున కొక మంచి సాక్ష్యము నిచ్చెను. 40 ఏండ్ల హామిల్టన్‌ను ఫెరారీ తెచ్చుకొనెను. ఆ యేట ప్రధానపందెములలో మొదటి మూడు స్థానములలో నొక్కటియు అతనికి దక్కలేదు. అతడు విడిచిన మెర్సిడెస్ బండిని, ఆ జట్టే చిన్ననాటినుండి పెంచిన 18 ఏండ్ల ఆంటొనెల్లి యెక్కెను. కెనడాలో మూడవ స్థానము నందెను. బిరుదము గెలిచినవాడు లాండో నారిస్. 2017లో మెక్‌లారెన్ చేరదీసిన యితడు 2019లో ఫార్ములా వన్ ప్రవేశించి, ఆఱవ యేట తొలిపందెమును, ఏడవ యేట బిరుదమును గెలిచెను. ఇంత ఓర్పు రెండు పందెములకే విసిగినవారికి ఎట్లు తెలియును?

మన దేశమునుండి 2005లో నారాయణ్ కార్తికేయన్, 2010లో కరుణ్ చందోక్, ఈ యిరువురే 2025 వఱకు ఫార్ములా వన్ చేరిరి. తమ బిడ్డలను ఈ మార్గమున పంపదలచు సంపన్నగృహస్థులు గెలిచినవారి చిత్రములతోపాటు ఈ లెక్కను గూడ చూడవలెను. ఇక జట్లకు మా మనవి యిది: బాలుని చేరదీసిననాడే అతనికి చదువు సాగు ఏర్పాటు చేయుడు, పెద్దబండి కెక్కించినచో రెండేండ్లయినను గడువిండు, దింపవలసివచ్చిన వేఱొక చోటు చూపి పంపుడు. ఇంత చేయలేని యజమాని వీరులను కొనుటయే మేలు. అందువలన అతని ధనము మాత్రమే నష్టమగును. బాలుని వయస్సు నష్టము గాదు.