తలంబ్రాలు నిదానంగా రాలాలంటే...

తాళి కట్టేది ఒక్కసారే. ‘ఏదీ, మళ్లీ కట్టు బాబూ’ అనడానికి అదేమీ సినిమా షూటింగు కాదు! తిరుమల, తిరుచానూరు, శ్రీనివాస మంగాపురాల్లో ముహూర్తాల వేళ కెమెరా భుజాన వేసుకుని పరుగులు తీసేవారి అసలు భయం అదే. పైగా తలంబ్రాలు గాల్లో తేలుతూ నెమ్మదిగా రాలాలని పెళ్లివారి ముచ్చట. అది తీరాలంటే లెక్క కుదరాలి.

మన టీవీ ప్రసారాలకు సెకనుకు 25 ఫ్రేములు, అంటే 25 బొమ్మలు. పెళ్లి వీడియోల మిక్సింగూ ఎక్కువగా ఆ లెక్కలోనే సాగుతుంది. సెకనుకు 100 బొమ్మలు తీసి, వాటిని 25 చొప్పున చూపిస్తే ఒక సెకను సంబరం నాలుగు సెకన్లవుతుంది. స్లోమోషన్ కిటుకంతా ఇదే. ఆస్ట్రియాకు చెందిన ఆగస్ట్ ముస్గర్ అనే క్రైస్తవ మతగురువు దీనికి 1904లోనే పేటెంటు తీసుకున్నాడు.

చిక్కల్లా మిక్సింగ్ దగ్గరే. 120తో తీసినదాన్ని ముందే మామూలు వేగంలో 25కి మార్చేసుకుంటే, ప్రతి సెకనుకూ 95 బొమ్మలు గల్లంతు! తర్వాత సాగదీసినా లాభం లేదు. ఒక్కో బొమ్మే నాలుగైదుసార్లు కనిపించి, పెళ్లికూతురి చెయ్యి గతుకుల రోడ్డు మీద బస్సులా కుదుపులతో కదులుతుంది. లేని బొమ్మల్ని ఊహించి అతికించే సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. కానీ చెల్లాచెదురుగా రాలే బియ్యపు గింజల దగ్గర వాటి తెలివి తెల్లారిపోతుంది, గింజలూ వేళ్లూ కలిసి ముద్దయిపోతాయి. అందుకే అసలు వీడియోని అలాగే ఉంచి, దాన్ని సెకనుకు 25 చొప్పున చదవమని సాఫ్ట్‌వేర్‌కి చెప్పాలి. ఒక్క బొమ్మా పోదు. సెకను కాస్తా 4.8 సెకన్లవుతుంది.

బంధువులు సెల్‌ఫోన్లలో తీసినవి ఇంకో తలనొప్పి. చాలా ఫోన్లు వెలుతురును బట్టి ఫ్రేముల లెక్కను తమంతట తామే మార్చేస్తుంటాయి. దాంతో పెదవులొకచోట, మాటలొకచోట! హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వాటిని ముందుగా ఒకే స్థిరమైన లెక్కకు తెచ్చుకోవాలి.

ఇక రాత్రి ముహూర్తమైతే దీపాల గొడవ. మన కరెంటు 50 హెర్ట్జ్. దాంతో కొన్ని ట్యూబులైట్లు, చవక ఎల్‌ఈడీలు సెకనుకు 100సార్లు మినుకుతాయి. కంటికి తెలీదు. 120తో తీస్తే ఒక్కో బొమ్మకు ఒక్కో వెలుగు పడి, స్లోమోషన్లో మండపమంతా టపటపా కొట్టుకుంటుంది. అదే 100తో తీస్తే అన్ని బొమ్మలకూ ఒకే వెలుగు. జనరేటర్ మీద నడిచే పందిట్లో మాత్రం ఆ లెక్కా పక్కాగా నిలవకపోవచ్చు!

అన్నట్టు, గట్టిమేళాన్ని నాలుగింతలు సాగదీస్తే నాదస్వరం మూలుగులా వినిపిస్తుంది. అందుకే తాళి కట్టే వేళ మామూలు వేగంతో మరో కెమెరా తిరుగుతూ ఉండాలి. శబ్దం దానిది, నిదానం దీనిది.