సబ్‌వూఫర్ కేబుల్ పొడవైతే గుయ్‌మనే మోత ఎందుకు?
సిరిసిల్ల మరమగ్గమైనా, జగిత్యాల, కోరుట్ల ఇళ్లలోని ఫ్రిజ్ అయినా నడిచేది 50 హెర్ట్జ్ కరెంటుతోనే. సబ్‌వూఫర్ పలికేది సుమారు 20 నుంచి 120 హెర్ట్జ్ వరకు. కరెంటు రొద సరిగ్గా ఆ పరిధిలోనే పడుతుంది, అందుకే చిన్న స్పీకర్లో వినబడని మోత ఇందులో గట్టిగా వినిపిస్తుంది. పొడవైన కేబుల్ ఈ రొదను ఎక్కువగా పట్టుకుంటుంది, కాబట్టి పది మీటర్ల కేబుల్ కొనేటప్పుడు లోపలి తీగ చుట్టూ దట్టంగా అల్లిన లోహపు షీల్డు ఉందో లేదో చూడాలి. బయటి విద్యుత్ రొదను చాలావరకు ఆపేది అదే. పొడవు పెరిగితే బేస్ తగ్గదా? తగ్గదు. మీటరుకు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉన్న ఆ పది మీటర్ల కేబుల్‌ను, 1,000 ఓమ్‌ల అవుట్‌పుట్‌కు కలిపితే, సిగ్నల్‌కు కోత పడేది దాదాపు 1,59,000 హెర్ట్జ్ దగ్గర; మన చెవికి అందేదే 20,000 వరకు. ఖరీదైన కేబుల్ అవసరం లేదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి!

మంచి షీల్డు ఉన్నా మోత ఆగకపోతే ఎర్తింగ్‌ను అనుమానించాలి. యాంప్లిఫయర్, సబ్‌వూఫర్ వేర్వేరు ప్లగ్గుల్లో ఉంటే, ఎర్త్‌ల మధ్య స్వల్ప వోల్టేజీ తేడా వల్ల షీల్డు గుండా కరెంటు పారుతుంది. రెండింటినీ ఒకే బోర్డుకు పెట్టి చూడండి. ఎర్త్ పిన్ను మాత్రం ఎన్నడూ తీయకండి, షాక్ నుంచి కాపాడేది అదే.